పుట్టుకతో వచ్చిన నీలి వాపు

పోయిన వారం చేపల పులుసు గురించి రాసిన ముచ్చట్లకు చాలామంది అక్కాచెల్లెళ్ళు జవాబులు రాశారు. మామిడికాయ ముక్క లేకుండా కుదురుతుందా అని ఒకరు, మరునాటికే ఎందుకు రుచి పడుతుందని ఇంకొకరు. వాటి సంగతి వచ్చే వారం తీరిగ్గా చూద్దాం. ఎందుకంటే ఆ జాబుల మధ్యలో నాలుగు పేజీల ఉత్తరం ఒకటి ఉంది. పేరూ ఊరూ వేయొద్దని మరీ మరీ రాసింది ఆ చెల్లెలు. మన నెల్లూరు సముద్రతీరం మనిషేనని మాత్రం చెబుతాను.

వాళ్ళమ్మాయికి 19 ఏళ్ళు. డిగ్రీ చదువుతోంది. పుట్టినప్పుడే కింది పెదవికి ఎడమ పక్కన కందిగింజంత నీలిమచ్చ ఉండేదట. పిల్లతో పాటే అదీ పెరిగింది. పెద్దమనిషి అయిన తర్వాత బుగ్గ దాకా పాకి ఇప్పుడు ఉసిరికాయంత అయింది. వంగి ముగ్గు పెడితే ఉబ్బుతుంది, లేచి నిలబడితే తగ్గుతుంది. మంచి సంబంధం ఒకటి వచ్చి గుమ్మంలో నిలబడింది. ఈ తల్లికి నిద్ర లేదు. అత్తగారు "కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం పూట వాకిట్లో తిరిగావు, అనుభవించు" అని 19 ఏళ్ళుగా దెప్పుతూనే ఉంది. ఊళ్ళో ఒకాయన వాత పెడితే మాడిపోతుందన్నాడు. టౌనులో ఒక డాక్టరు చూసీ చూడగానే "గడ్డ, కోసి తీసేద్దాం, రేపు రండి" అన్నాడట. "అక్కా, కోయించమంటావా, లేకపోతే పెళ్ళయ్యే దాకా పౌడరు రాసి దాచమంటావా?" అని అడిగింది.

రెండూ వద్దు చెల్లెమ్మా. కాస్త ఓపిగ్గా చదువు. ఇది నీ ఒక్కదాని కోసమే రాయడం లేదు. ఇట్టాంటి వాపును చీర కొంగు కింద, చున్నీ కింద, పూర్తి చేతుల జాకెట్టు కింద దాచుకునే పిల్లలు మన ఊళ్ళల్లో ఎందరో ఉన్నారు.

ముందు ఆ గ్రహణం మాట తేల్చేద్దాం. మా కోటలోనూ గ్రహణం అంటే కడుపుతో ఉన్న పిల్లను కదలనివ్వరు, కత్తిపీట ముట్టుకోనివ్వరు. పక్కనున్న శ్రీహరికోటలో రాకెట్టు లేచిందంటే పనులన్నీ వదిలేసి మిద్దెక్కి చూసే జనమే, గ్రహణం రోజు మాత్రం తలుపులు బిగించుకుంటారు. పెద్దవాళ్ళ భయం పెద్దవాళ్ళది. ఆ పూట కాసేపు పడుకుంటే నష్టమూ లేదు. కానీ ఆ పేరు చెప్పి ఒక తల్లిని జీవితాంతం దోషిగా నిలబెట్టడం మాత్రం అన్యాయం. బిడ్డ కడుపులో తయారయ్యేటప్పుడు ఎక్కడో ఒక కణంలో, ఒక జన్యువులో చిన్న మార్పు వస్తుంది. ఆ కణం నుంచి పుట్టిన రక్తనాళాలు మాత్రం గోడ పల్చగా, సంచుల్లాగా తయారవుతాయి. మిగతా ఒళ్ళంతా మామూలే. 2009లో బెల్జియం దేశపు శాస్త్రవేత్తలు ఇట్టాంటి సిరల వాపులను పరీక్షించి, దాదాపు సగం వాటిలో ఒకే జన్యువులో తేడా కనిపెట్టారు. ఆ తేడా తల్లి తిన్నదాని వల్ల కాదు, తిరిగినదాని వల్ల కాదు. చాలామందిలో అది వంశంలో వచ్చేది కూడా కాదు. కొద్ది కుటుంబాల్లో మాత్రమే ఒకరికి మించి కనిపిస్తుంది. ఈ పేరా కత్తిరించి మీ అత్తగారి కళ్ళజోడు పక్కన పెట్టండి, పోట్లాట మాత్రం వద్దు.

ఇప్పుడు అసలు జబ్బు ఏమిటో చూద్దాం. పదో తరగతి సైన్సులో ధమనులు, సిరలు, కేశనాళికలు అని చదివాం కదా. అప్పుడు నాకూ తలకెక్కలేదు. మన పొలాలు చూస్తే ఇట్టే అర్థమవుతుంది. స్వర్ణముఖి నీళ్ళు పంట కాలువలోకి వస్తాయి, అక్కడి నుంచి పిల్ల కాలువల్లోకి, అక్కడి నుంచి కయ్యల్లోకి. కయ్య తడిసిన తర్వాత మిగిలిన నీళ్ళు మురుగు కాలువలో పడి సముద్రానికి పోతాయి. ఒంట్లో ధమని అంటే జోరుగా వచ్చే పంట కాలువ. కేశనాళికలు కయ్యలు. సిర నిదానంగా పారే మురుగు కాలువ. ఇక తప్పు రెండు విధాలుగా జరగొచ్చు. ఒకటి, మురుగు కాలువ గట్టు బలం లేక పక్కకు పొంగి గుంటలు గుంటలుగా నీళ్ళు నిలిచిపోవడం. మన చెల్లెలి కూతురు బుగ్గ మీదిది చాలావరకు ఇట్టాంటిదే అనిపిస్తోంది. దీన్ని వీనస్ మాల్‌ఫార్మేషన్, అంటే సిరల అమరికలో లోపం అంటారు. రెండోది, పంట కాలువకు గండి పడి నీళ్ళు కయ్యల్లోకి పోకుండా నేరుగా మురుగు కాలువలోకి దూకడం. జోరు తగ్గదు, గట్లు కోసుకుపోతాయి, కయ్యలేమో ఎండిపోతాయి. ఇది ధమనికీ సిరకూ మధ్య లోపం. డాక్టర్లు ఏ.వి.ఎం. అని పొట్టిగా పిలుస్తారు. మొదటిది నెమ్మది జబ్బు, రెండోది తొందర జబ్బు. వైద్యమూ వేరు వేరు.

ఇవి రెండూ కాక మూడోది ఒకటి ఉంది. పసిబిడ్డల తల్లులు ఇది బాగా గుర్తు పెట్టుకోవాలి. పుట్టిన కొద్ది వారాలకు బిడ్డ ముఖం మీదో వీపు మీదో ఎర్రగా, పండిన ముళ్ళపండులాగా ఒక బుడిపె లేస్తుంది. మొదటి నెలల్లో చూస్తుండగానే పెరిగిపోతుంది. దాన్ని హీమాంజియోమా అంటారు. ఆడపిల్లల్లోనూ, నెలలు నిండకుండా పుట్టిన బిడ్డల్లోనూ ఎక్కువ. అది ఏడాది దాటాక మెల్లగా పాలిపోయి, నాలుగైదేళ్ళకు చాలావరకు అణిగిపోతుంది. కంటి దగ్గర, ముక్కు దగ్గర, గొంతు దగ్గర ఉన్నా, పుండు పడినా ఆగకుండా చూపించాలి. దానికి మందుంది. 2008లో ఫ్రాన్సులోని బోర్డో నగరంలో క్రిస్టీన్ లియోటే లాబ్రెజ్ అనే డాక్టరమ్మ, గుండె ఇబ్బందికి ప్రోప్రనలాల్ మందు ఇచ్చిన పసిబిడ్డకు ముఖం మీది బుడిపె కూడా మెత్తబడి తగ్గిపోవడం గమనించింది. బీపీకి వాడే మామూలు మందు అది. ఆ గమనింపుతో ప్రపంచమంతా వైద్యం మారిపోయింది. అట్టాగని ఇంట్లో తాతయ్య బీపీ మాత్ర విరిచి బిడ్డకు పెట్టేరు! గుండె వేగమూ ఒంట్లో చక్కెరా పడిపోతాయి. పిల్లల డాక్టరు బరువు తూచి, కొలిచి ఇవ్వాల్సిందే.

చిక్కేమిటంటే, చాలాకాలం అన్నిటినీ కలిపి హీమాంజియోమా అనే ఒకే పేరు పెట్టి పిలిచారు. 1982లో అమెరికాలో జాన్ మలికెన్ అనే సర్జనూ, జూలీ గ్లోవాకీ అనే శాస్త్రవేత్తా కలిసి, పెరిగి తగ్గిపోయేది వేరు, పుట్టుకతో అమరిక తప్పింది వేరు అని విడదీశారు. తగ్గేదాన్ని తగ్గనిస్తారు. అమరిక తప్పింది తనంతట తాను తగ్గదు. ఇప్పటికీ కొన్ని చీటీల మీద పాత పేరే రాస్తుంటారు. "పెద్దయితే అదే పోతుందమ్మా" అని చెప్పి పంపిస్తారు. పిల్ల పెద్దదవుతుంది, వాపూ పెద్దదవుతుంది. ఉత్తరం రాసిన చెల్లెలికి జరిగింది కూడా ఇదే. పాపకు మూడేళ్ళప్పుడు ఎవరో అదే మాట చెప్పారట.

ఇంట్లో మనం ఏం గమనించాలి? సిరల వాపు మెత్తగా, నీలంగా ఉంటుంది. వేలితో తేలిగ్గా అదిమితే తగ్గి, వదిలితే మెల్లగా మళ్ళీ నిండుతుంది. ఏడ్చినా, ముక్కినా, వంగినా ఉబ్బుతుంది. ఒక్కోసారి లోపల మినపగింజంత గట్టి పూస చేతికి తగులుతుంది. నిలిచిన రక్తం గడ్డకట్టి రాయిలాగా మారితే అట్టా ఉంటుంది. అప్పుడప్పుడూ నొప్పి చేసి, వారం పది రోజులకు సర్దుకుంటుంది. ఏ.వి.ఎం. అయితే ముట్టుకుంటే వెచ్చగా ఉంటుంది. చెయ్యి పెడితే లోపల గుండె కొట్టుకున్నట్టు దడదడ తెలుస్తుంది. అదిమినా తగ్గదు. దానిమీద పుండు పడితే రక్తం చిమ్ముతుంది. అట్టాంటిదాన్ని పిసకడం, మర్దన చెయ్యడం ఏమాత్రం పనికిరాదు. నొక్కినా పోని ఎర్రటి చదునైన మచ్చ నుదుటి మీదా కంటి రెప్ప మీదా ఉంటే, కంటి డాక్టరుకు చూపించి కంట్లో ఒత్తిడి కొలిపించాలి. బిడ్డకు ఫిట్స్ వస్తే ఆ సంగతీ తప్పకుండా చెప్పాలి. ఆ మచ్చలకు లేజరు వైద్యం ఉంది. అది ఇంకో రోజు రాస్తాను.

ఇక కోత సంగతి. ఒకచోట చిన్నగా, విడిగా ఉన్నదాన్ని కోసి తీసేయడం తప్పేమీ కాదు, తీస్తారు కూడా. కానీ బుగ్గలో, పెదవిలో అల్లుకుపోయిన వాపును పరీక్ష లేకుండా గడ్డ అనుకుని కోస్తే మొదట రక్తం ఆగదు. ముఖం కండరాలను కదిలించే నరాలు ఆ మధ్యలోంచే పోతాయి. అవి తెగితే మూతి పక్కకు పోతుంది. పోనీ కొంత తీసి కొంత వదిలితే, వదిలింది మళ్ళీ నిండుతుంది. అందుకని డాప్లర్ స్కానూ, ఎం.ఆర్.ఐ. స్కానూ చూడకుండా "రేపు రండి, కోసేద్దాం" అన్న చోటికి రేపు పోకపోయినా నష్టం లేదు. వాత గురించీ పసరు కట్ల గురించీ నేను చెప్పేదేముంది. పల్చని చర్మం కింద రక్తం నిండిన సంచి మీద నిప్పు పెడితే ఏమవుతుందో మీరే ఊహించుకోండి.

ఇప్పుడు సూది వైద్యం. దీన్ని నేను పుస్తకంలో చదివి రాయడం లేదు. మా ఆడబిడ్డ కూతురికి పిక్కలో ఇట్టాంటి వాపే ఉంటే, మూడు సార్లు తోడు పోయి ఆసుపత్రిలో ఉన్నదాన్ని. నేను ఇంటర్మీడియట్‌తో చదువు ఆపినదాన్నే అయినా అడగడానికి సిగ్గుపడను. అక్కడి డాక్టరమ్మను విసిగించి విసిగించి అడిగాను. పాపం, ఆమె కాగితం మీద బొమ్మ గీసి మరీ చెప్పింది.

వైద్యం పేరు స్క్లెరోథెరపీ. కాళ్ళలో నరాలు ఉబ్బిన కొందరికి కూడా ఇదే పద్ధతి చేస్తారు. పిల్లలకైతే పూర్తి మత్తు ఇస్తారు. స్కాన్ తెర మీద చూస్తూ సన్నటి సూదిని ఆ నీలి సంచిలోకి దింపుతారు. ముందు ఎక్స్‌రేలో కనిపించే మందు కొద్దిగా ఎక్కించి, అది సంచిలోనే ఉందా, పక్కనున్న పెద్ద సిరలోకి జారిపోతోందా చూసుకుంటారు. జారిపోతుంటే ఆపి, అదిమి పట్టి దారి మూస్తారు. నమ్మకం కుదిరాక అసలు మందు ఎక్కిస్తారు. ఆ మందు సంచి లోపలి పొరను కావాలనే దెబ్బతీస్తుంది. గోడలు వాచి ఒకదానికొకటి అతుక్కుని, నెలల మీద ముడుచుకుపోతాయి. గుంటలో నీళ్ళు తోడి ఎండగట్టి పూడ్చినట్టన్న మాట. కోత లేదు, కుట్టు లేదు. సూది గుచ్చిన చోట చిన్న పట్టీ వేస్తారు, అంతే.

ఆ మందును నురగ చేసి ఎక్కించడం చూసి మా ఆడబిడ్డకు ఆశ్చర్యం. రెండు సిరంజిలను మూడు దారుల చిన్న గొట్టంతో కలిపి, ఒకదాంట్లో మందు, ఇంకోదాంట్లో గాలి పెట్టి అటూ ఇటూ పదే పదే తోస్తారు. కాఫీ రెండు గ్లాసుల్లో తిరగబోసినప్పుడు నురగ వచ్చినట్టు తెల్లగా వస్తుంది. ఈ పద్ధతిని 2000 సంవత్సరంలో ఇటలీ డాక్టరు తెస్సారి ప్రపంచానికి చెప్పాడు. నీళ్ళ మందైతే రక్తంలో కలిసి పల్చబడిపోతుంది. నురగ రక్తాన్ని పక్కకు నెట్టి గోడకు అంటుకుని ఉంటుంది. కొంచెం మందుతో ఎక్కువ పని! మనం పొదుపు అంటే ఇదే కదా.

అయితే ఒక్క సూదితో మాయమైపోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. ఆరు నుంచి ఎనిమిది వారాల ఎడం ఇచ్చి మూడు సార్లో, నాలుగు సార్లో, పెద్దదైతే ఇంకా ఎక్కువో చేయాల్సి రావచ్చు. పూర్తిగా పోవడం కొందరికే. చాలామందికి నొప్పి తగ్గుతుంది, సైజు తగ్గుతుంది, రూపం బాగుపడుతుంది. ఏళ్ళ తర్వాత కొంత తిరిగి నిండితే మళ్ళీ చేయించుకుంటారు. ఇది ముందే మనసులో పెట్టుకుని పోతే నిరాశ ఉండదు. మొదటి సారి తర్వాత మా పిల్ల కాలు చూసి ఇంట్లో అందరూ బెంబేలెత్తిపోయారు. ఎందుకంటే తగ్గాల్సింది పోయి రెండింతలు వాచింది. మందు పని చేస్తోందనడానికి అదే గుర్తని డాక్టరమ్మ ముందే చెప్పింది కాబట్టి నేను నిబ్బరంగా ఉన్నాను. రెండు మూడు రోజులు బాగా ఉబ్బి, వారం తర్వాత దిగడం మొదలైంది. మూడో సారి అయ్యాక పిల్ల లంగా ఓణీ మానేసి గౌను వేసుకుని బజారుకు పోయింది. మా ఆడబిడ్డ ఆ రోజు నాకు ఫోను చేసి మాట్లాడకుండా ఏడ్చింది.

కష్టాలు కూడా రాయాలి, దాచకూడదు. మందు చర్మానికి దగ్గరగా ఉన్న చోట పొక్కు లేచి పుండు పడొచ్చు. నరానికి తగిలితే తిమ్మిరి, ఒక్కోసారి బలహీనత రావచ్చు. పెద్ద వాపుకు ఎక్కువ మందు వాడినప్పుడు ఆ పూట మూత్రం ఎర్రగా రావచ్చు. ఎర్ర కణాలు పగిలి వచ్చే రంగు అది. సెలైను పెట్టి, నీళ్ళు బాగా తాగించి కనిపెట్టి ఉంటారు. మందుల్లో కూడా రకాలున్నాయి. గాఢమైన ఆల్కహాలు చాలా గట్టి మందే గానీ నరాలకూ, గుండెకూ ప్రమాదం ఎక్కువ. అనుభవం ఉన్న చేతులే వాడాలి. బ్లియోమైసిన్ అనే మందుతో వాపు తక్కువ కాబట్టి నాలుక, కన్ను, గొంతు దగ్గర పనికొస్తుంది. అయితే అది మోతాదు మించితే ఊపిరితిత్తులకు మంచిది కాదు. ఆ మందు ఇచ్చాక కొన్ని రోజులు ఒళ్ళు గీరుకోకూడదు, చర్మానికి అంటుకునే ప్లాస్టరు వేయకూడదు. గీరిన చోట నల్లటి చారలు నిలిచిపోతాయి. నాలుకలోనో గొంతులోనో వాపు ఉంటే, వైద్యం తర్వాత ఊపిరి దారి మూసుకుపోయే ప్రమాదం ఉంది. అందుకని రాత్రంతా కనిపెట్టి ఉండే పెద్ద ఆసుపత్రిలోనే చేయించాలి. చిన్న క్లినిక్కులో చవగ్గా అవుతుందని ఆశపడొద్దు.

ఇంటికొచ్చాక మన వంతు మొదలవుతుంది. ముఖానికి చేసినట్టయితే రెండు దిండ్లు పెట్టి తల ఎత్తుగా పడుకోబెట్టాలి. పెదవి వాచి ఉంటే నమలడం కష్టం. చల్లార్చిన రాగిజావ, మెత్తగా కలిపిన మజ్జిగన్నం, పప్పుకట్టు, మగ్గిన అరటిపండు బాగుంటాయి. కారం, వేడి పులుసు, చేపముళ్ళు కొన్నాళ్ళు దూరం. మన నెల్లూరు వాళ్ళకు ఇదే పెద్ద శిక్ష! తిన్న ప్రతిసారీ గోరువెచ్చని నీళ్ళతో నోరు పుక్కిలించాలి. ఐసు పెట్టాలా, ఎంతసేపు పెట్టాలా అన్నది డాక్టరు చెప్పినట్టే చేయాలి. నేరుగా చర్మం మీద ఐసుముక్క మాత్రం వద్దు. కాలికీ చేతికీ చేసినట్టయితే కొలత తీసి ఇచ్చిన బిగుతు మేజోడు పొద్దున మంచం దిగకముందే తొడుక్కోవాలి. మన ఎండలకు అది విసుగే. చెమట పడుతుంది. రెండు జతలు కొని ఒకటి ఉతికి ఆరేసుకుంటూ ఉంటే సరిపోతుంది. పొక్కు లేచినా, చర్మం నల్లబడినా, జ్వరం వచ్చినా, ఆయాసం వచ్చినా తెల్లారేదాకా ఆగకుండా తీసుకుపోవాలి. సొంతంగా నొప్పి మాత్రలు వేయొద్దు. ఏ మాత్ర వేయాలో చీటీ మీద రాయించుకుని తెచ్చుకోండి.

ఏ.వి.ఎం. వైద్యం దీనికి పూర్తిగా వేరు. అక్కడ గండి పూడ్చాలి. కానీ పైనుంచి వచ్చే పంట కాలువకు అడ్డకట్ట వేస్తే చాలదు. పాతరోజుల్లో అట్టానే ధమనిని ముడివేసేవారు. నీళ్ళు ఊరుకుంటాయా? పక్కనున్న పిల్ల కాలువలన్నీ పెద్దవై మళ్ళీ అదే గండికి చేరతాయి. పైగా మనం లోపలికి పోయే దారి కూడా మూసుకుపోతుంది. అందుకని ఇప్పుడు తొడ మొదట్లోనో మణికట్టు దగ్గరో ధమనిలో సూది రంధ్రం చేసి, నూలుపోగులాంటి సన్నటి గొట్టాన్ని రక్తనాళాల లోపలి నుంచే గండి దాకా పోనిచ్చి, అక్కడ జిగురు మందునో లోహపు చుట్టనో వదిలి మూస్తారు. దీని పేరు ఎంబొలైజేషన్. మెదడులోని ఏ.వి.ఎం.కు మొదటిసారి ఇట్టాంటి ప్రయత్నం చేసింది 1960లో, అమెరికాలో లూసెన్‌హాప్, స్పెన్స్ అనే డాక్టర్లు. చిన్న చిన్న ప్లాస్టిక్ గుళికలు రక్తంలో వదిలి, జోరున్న దారి వెంట అవే గండికి పోయి పడేటట్టు చేశారు. దీంట్లో ప్రమాదం ఎక్కువ. మెదడులో అయితే పక్షవాతం వచ్చే ముప్పు కూడా ఉంది. వైద్యం చేయకపోతే ముప్పెంత, చేస్తే ముప్పెంత అన్నది ఇద్దరు డాక్టర్లను అడిగి తూచి చూసుకోవాలి.

గొట్టం మాట వచ్చింది కాబట్టి ఒక కథ చెప్పకుండా ఉండలేను. 1929లో జర్మనీలో వెర్నర్ ఫోర్స్‌మన్ అనే కుర్ర డాక్టరు, చేతి సిరలోంచి గొట్టాన్ని గుండె దాకా పంపొచ్చని పట్టుబట్టాడు. పెద్ద డాక్టరు వద్దన్నాడు. పరికరాల బీరువా తాళం గెర్డా డిట్జెన్ అనే నర్సమ్మ దగ్గర ఉంది. ఆమె "నా మీద చేసి చూడు" అంది. ఇతగాడు సరేనని ఆమెను బల్లకు కట్టేసి, ఆమె చూడకుండా గొట్టాన్ని తన చేతిలోకే ఎక్కించుకున్నాడు! తర్వాత కట్లు విప్పితే ఆమే వెంట నడిచి ఎక్స్‌రే గదికి తీసుకుపోయింది. 1956లో అతనికి ఇంకో ఇద్దరితో కలిపి నోబెల్ బహుమతి వచ్చింది. తాళం ఇచ్చిన ఆడమనిషికి మాత్రం ఏమీ రాలేదు. ఇట్టాంటివి చదివినప్పుడు నాకు కాస్త ఒళ్ళు మండుతుంది, మీకూ మండుతుందనుకుంటా.

ఈ సూది వైద్యమూ గొట్టం వైద్యమూ చేసేది ఎక్కువగా రేడియాలజీ డాక్టర్లు. ఎక్స్‌రే డాక్టరంటే చీకటి గదిలో కూర్చుని ఫిల్ములు చూసేవాడని మనకో అభిప్రాయం. మన తెలుగువాళ్ళలో ఆ విద్యకు గౌరవం తెచ్చినవారు డాక్టర్ కాకర్ల సుబ్బారావు గారు. కృష్ణా జిల్లా పెదముత్తేవిలో 1925లో పుట్టి, అమెరికాలో పేరు తెచ్చుకుని, 1980లలో తిరిగొచ్చి హైదరాబాదు నిమ్స్‌ను నిలబెట్టారు. 2000లో పద్మశ్రీ వచ్చింది, 2021లో కాలం చేశారు. ఇప్పుడు ఆసుపత్రికి పోయినప్పుడు మీరు అడగాల్సిన మాట "ఇంటర్వెన్షనల్ రేడియాలజీ విభాగం ఉందా?" అని. ఈ మాట చీటీ మీద రాసి కొంగున కట్టుకోండి. పెద్ద వాపులకు ఆ డాక్టరూ, ప్లాస్టిక్ సర్జనూ, పిల్లలైతే పిల్లల డాక్టరూ కలిసి చూసే చోటు ఇంకా మంచిది.

మన వైపు నుంచి పెద్ద వైద్యానికి తిరుపతికో, మద్రాసుకో, గూడూరులో రైలెక్కి కాట్పాడిలో దిగి రాయవేలూరు సి.ఎం.సి.కో పోవడం తాతల నాటి అలవాటు. ఐడా స్కడర్ అనే డాక్టరమ్మ 1900లో ఒకే ఒక్క మంచంతో మొదలుపెట్టిన ఆసుపత్రి అది. ఎక్కడికి పోయినా ముందు ఓ.పి. రోజు, చీటీ పద్ధతి కనుక్కుని పోండి. డబ్బు సంగతి కూడా మొదటి రోజే తేల్చుకోవాలి. 2007లో ఆరోగ్యశ్రీ పేరుతో మొదలైన పథకం మన రాష్ట్రంలో ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తోంది. పథకం కింద ఉన్న ఆసుపత్రిలో కౌంటరు దగ్గర కూర్చునే వాళ్ళను, డాక్టరు రాసిన జబ్బు పేరూ వైద్యం పేరూ చూపించి వర్తిస్తుందా అని అడగండి. "అందం కోసం" అని తోసేయకుండా నొప్పి, రక్తం కారడం, తినడానికి ఇబ్బంది, ఉన్నవన్నీ డాక్టరుతో రాయించుకోండి. చేరక ముందే అడగాలి, బిల్లు చేతికొచ్చాక కాదు.

ఇక పెళ్ళి సంగతికి వస్తాను. దాచమని నేను చెప్పను చెల్లెమ్మా. మంచీ చెడూ నీతులు చెప్పడానికి కాదు, వైద్యం లెక్కలోనే చెబుతున్నాను. ఈ సిరల వాపులు పెద్దమనిషి అయినప్పుడూ, కడుపుతో ఉన్నప్పుడూ పెరగడం మామూలు. దాచి పెళ్ళి చేస్తే, రేపు నెల తప్పాక వాపు ఉబ్బి నొప్పి చేసినప్పుడు ఆ పిల్ల కొత్త ఇంట్లో ఎవరికి చెప్పుకోవాలి? వాపు పెద్దదైన వాళ్ళకు రక్తం గడ్డకట్టే తీరులో కూడా తేడా ఉండొచ్చు. అందుకని పురుటి డాక్టరుకు మొదటే తెలియాలి. గర్భం రాకుండా వేసుకునే మాత్రల్లో కొన్ని రక్తం గడ్డలు కట్టే గుణాన్ని పెంచుతాయి కాబట్టి, అడగకుండా అవీ వేసుకోకూడదు. ఇవన్నీ మొగుడికి తెలిసి ఉంటేనే కుదిరే పనులు. వచ్చిన వాళ్ళతో "పుట్టుకతో వచ్చిన రక్తనాళాల వాపు, అంటుజబ్బు కాదు, వైద్యం మొదలుపెడుతున్నాం, ఆరేడు నెలలు పడుతుంది" అని మగవాళ్ళ చేత కాకుండా నువ్వే నోరు విప్పి చెప్పు. పెళ్ళికొడుకు తల్లి కూడా ఆడదే, వినేవాళ్ళు వింటారు. విననివాళ్ళు ఇప్పుడే పోవడం మంచిది. వైద్యం మధ్యలో, పిల్ల బుగ్గ రెండింతలు వాచి ఉన్నప్పుడు మాత్రం పెళ్ళిచూపులు పెట్టొద్దు.

ఇంకో మాట. ఇన్ని చెప్పినా అమ్మాయిని అడిగావా అన్నది నీ నాలుగు పేజీల్లో ఎక్కడా కనపడలేదు. 19 ఏళ్ళ పిల్ల. నొప్పి ఎంతో, చేయించుకోవాలనుందో లేదో, పరీక్షల ముందా తర్వాతా, అది చెప్పనీ. కొందరు పిల్లలు "నాకేం ఇబ్బంది లేదమ్మా, నీకే ఇబ్బంది" అంటారు. నొప్పీ, రక్తం కారడమూ, పెరగడమూ లేని చిన్న వాపును ఏమీ చేయకుండా ఏడాదికోసారి చూపించుకుంటూ ఉండొచ్చని డాక్టర్లే చెబుతారు. నీ కూతురిది పెరుగుతోంది కాబట్టి చూపించడం మాత్రం ఆలస్యం చేయకు.

పోయేటప్పుడు సంచిలో పాత చీటీలూ, స్కాను ఫిల్ములూ అన్నీ పెట్టుకో. పనికిరావని ఒక్కటీ పారేయొద్దు. వాటితోపాటు అమ్మాయి చిన్నప్పటి ఫోటోలు తీసుకుపో. బారసాల నాటిది, బడిలో చేర్పించినప్పటిది, ఓణీల నాటిది. పుట్టినప్పుడే ఉందా, ఎప్పుడు ఎంత పెరిగిందీ అన్నది డాక్టరుకు మన మాట కంటే ఫోటోలో బాగా తెలుస్తుంది. బుగ్గ కనపడకుండా పక్కకు తిప్పి తీయించినవే ఎక్కువ ఉంటే, వెదికి ఒకటి రెండు ఎదురుగా ఉన్నవి పట్టుకో. ఏ రోజు పోతున్నదీ నాకు ఒక కార్డు ముక్క రాయి.